పాముల గదికి ఎంత గాలి కావాలి?

అమెరికాలో, బ్రిటన్‌లో పాములు పెంచే ఇళ్లలో చాలాచోట్ల వాటికంటూ ఒక గది ఉంటుంది. గోడ పొడవునా అరలున్న ర్యాకులు, అరకొక ప్లాస్టిక్ టబ్బు, టబ్బుకొక బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి వెళ్లిన ఈ పొట్టి కొండచిలువ, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన కార్న్ స్నేక్ ఆ ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. ర్యాకు వెనక వేడినిచ్చే పట్టీ, దానికో థర్మోస్టాట్. బయట చలి, అందుకని కిటికీలు బిగించే ఉంటాయి. తలుపు తీయగానే ముందు వెచ్చదనం తగులుతుంది, ఆ వెంటనే వాసన. పాపం, పాములకు గాలి ఆడటం లేదేమో అనిపిస్తుంది ఎవరికైనా. గోడకు రంధ్రం కొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తారు. కొన్ని వారాలు గడిచాక కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడటం మొదలవుతుంది. ఒకటి రెండు పాములు నోరు కొద్దిగా తెరిచి, తల పైకెత్తి ఊపిరి తీస్తుంటాయి. ముక్కుపుటాల దగ్గర సన్నని బుడగ కనబడుతుంది. గాలి కోసం చేసిన ఏర్పాటే ఊపిరికి ముప్పు తెచ్చింది.

ఈ చిక్కు విప్పాలంటే ముందు పాము ఊపిరి సంగతి తెలియాలి. అంతకన్నా ముందు మన పాఠకులకు ఒక మాట. మన దేశపు పాముల్ని పట్టి ఇంట్లో పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. నాగుపాము కావచ్చు, జెర్రిపోతు కావచ్చు, ఇందులో మినహాయింపు లేదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములు వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నవి కాబట్టి, వాటిని కలిగి ఉన్నవారు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా అలా చట్టబద్ధంగా ఉన్న పాముల గురించే.

పాముకు ఊపిరితిత్తులు రెండూ సమానంగా ఉండవు. చాలా జాతుల్లో కుడిది ఒక్కటే పనిచేస్తుంది. ఎడమది పూర్తిగా లేకుండానో, గుర్తుగా మిగిలిన చిన్న తునకగానో ఉంటుంది. కొండచిలువల్లో, బోవాల్లో మాత్రం ఎడమ ఊపిరితిత్తి కూడా ఉంటుంది, కాకపోతే కుడిదానికన్నా చిన్నది. ఆ కుడి ఊపిరితిత్తి శరీరంలో చాలా దూరం వరకు సాగి ఉంటుంది. ముందు భాగంలో రక్తనాళాల వల దట్టంగా ఉండి, ఆక్సిజన్ రక్తంలో కలిసేది అక్కడే. వెనక భాగం పల్చటి సంచి. అందులో రక్తనాళాలు దాదాపు ఉండవు. అది కొలిమి తిత్తిలా గాలిని ముందుకూ వెనక్కూ లాగడానికి పనికొస్తుంది. మనకున్న ఉదరవితానం పాముకు లేదు. పక్కటెముకల మధ్య కండరాలే ఆ పని చేస్తాయి.

విశ్రాంతిగా చుట్టుకుని పడుకున్న బాల్ పైథాన్‌ను కాసేపు దగ్గర్నుంచి చూడండి. పక్క భాగం ఒకచోట లోపలికి నొక్కుకుంటుంది, వెంటనే ఉబ్బుతుంది, ఆ తర్వాత కదలిక ఆగిపోతుంది. అంటే ముందు గాలి వదిలి, తర్వాత పీల్చుకుని, నిండిన ఊపిరితిత్తితో అలాగే బిగపట్టి ఉంటుంది. ఆ విరామం ఎంతసేపంటే కొత్తగా చూసేవారికి కంగారు పుడుతుంది. ఎలుకను చుట్టి నలిపేటప్పుడు, మింగేటప్పుడు పక్కటెముకలు కదిపే వీలుండదు కదా, అప్పుడెలా? 2022లో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కపానో, ఎలిజబెత్ బ్రెయినర్డ్, డికిన్సన్ కళాశాలకు చెందిన స్కాట్ బోబాక్ దీనికి జవాబు చూపించారు. మనకు బీపీ చూసేటప్పుడు చేతికి కట్టే పట్టీనే బోవా కన్‌స్ట్రిక్టర్ ఒంటికి చుట్టి, గాలి నింపి, అక్కడి పక్కటెముకల్ని కదలనివ్వకుండా చేశారు. ఎక్స్-రేలో చూస్తే పాము నింపాదిగా వేరేచోట పక్కటెముకలతో ఊపిరి తీస్తోంది. ముందు భాగం బిగిస్తే వెనకతో, వెనక బిగిస్తే ముందుతో. ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదానికి శరీరమే ఇంత ఏర్పాటు చేసుకున్న జీవి ఇది.

ఇక అవసరం ఎంతో లెక్క చూద్దాం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 34 వేల లీటర్ల గాలి ఉంటుంది. అందులో ఆక్సిజన్ 7 వేల లీటర్ల పైచిలుకు. కదలకుండా కూర్చున్న మనిషి గంటకు 15 లీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. కిలోన్నర బరువున్న బాల్ పైథాన్, తిండి అరిగిపోయి విశ్రాంతిగా ఉన్నప్పుడు, గంటకు వాడేది సుమారు 50 మిల్లీలీటర్లు. ఒంటి వేడిని తానే పుట్టించుకోనక్కర్లేని జీవి కాబట్టి అంత తక్కువ. అలాంటివి యాభై ఉన్నా గంటకు రెండున్నర లీటర్లు. అంటే పాముల్ని చూడటానికి లోపలికి వెళ్లిన ఒక్క మనిషి, ఆ యాభై పాములకన్నా ఆరు రెట్లు ఎక్కువ ఆక్సిజన్ పీల్చేస్తున్నాడు. తలుపు కింద సందులోంచి వచ్చే గాలే వాటి ఊపిరికి చాలు.

అయితే తిన్న తర్వాత కథ మారుతుంది. స్టీఫెన్ సీకోర్, జారెడ్ డైమండ్ 1990ల్లో బర్మీస్ పైథాన్ల మీద చేసిన పరిశోధనలో, పెద్ద ఆహారం మింగిన కొండచిలువ ఆక్సిజన్ వాడకం ఒకటి రెండు రోజుల్లో పదుల రెట్లు పెరగడం కనబడింది. పేగు, కాలేయం, మూత్రపిండాలు పెరుగుతాయి. గుండె కండరం రెండు రోజుల్లో 40 శాతం పెరుగుతుందని 2005లో మరో బృందం చూపింది. పెంపుడు బాల్ పైథాన్‌కు మనం పెట్టేది చిన్న ఎలుక కాబట్టి అంత ఉండదు. పది రెట్లనుకుందాం. యాభైకీ ఒకే రాత్రి మేత వేస్తే గంటకు 25 లీటర్లు, దాదాపు ఇద్దరు మనుషులు కూర్చున్నంత. గది తట్టుకుంటుంది. చూసుకోవాల్సింది టబ్బునే. నలభై లీటర్ల టబ్బుకు నాలుగే నాలుగు రంధ్రాలుంటే, మేత వేసిన మర్నాడు లోపలి గాలి బరువెక్కుతుంది. నాలుగు వైపులా చాలినన్ని రంధ్రాలుంటే ఆ బెంగ అక్కర్లేదు.

కార్బన్ డయాక్సైడ్ బరువైనది కాబట్టి అడుగున చేరి పామును ఊపిరాడకుండా చేస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఒక పక్క వేడిగా, మరోపక్క చల్లగా ఉండే టబ్బులో గాలి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. వాయువులు వాటంతటవే కలిసిపోతాయి. పాము వదిలే కాస్త వాయువు విడిగా అడుగున పేరుకోవడం జరగదు.

మరి గాలి దేనికి? తేమ కోసం, అమ్మోనియా కోసం, రోగకారకాల కోసం. ఎక్కువైన తేమనూ, మిగతా రెండింటినీ బయటికి పంపాలి, వేడినీ కావాల్సిన తేమనూ మాత్రం పోనివ్వకూడదు. పాముల గదిలో గాలి సమస్యంతా ఇదే.

అమ్మోనియా సంగతి ముందు చూద్దాం. పాము మూత్రం ద్రవంగా రాదు. నీటిని పొదుపు చేసుకోవడానికి నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా, సున్నపు ముద్దలా తెల్లగా విసర్జిస్తుంది. ఎండిపోయి ఉన్నంతసేపు ఆ ముద్దకు పెద్దగా వాసన ఉండదు. నీళ్ల గిన్నె ఒలికి కింద పరిచిన పొట్టు తడిసిందంటే బాక్టీరియా పనిలోకి దిగి యూరిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది. చివరికి వచ్చేది అమ్మోనియా. గదిలోకి రాగానే ముక్కు పట్టేసే ఘాటు ఇదే. మనుషులు పనిచేసే చోట రోజంతా పీల్చే గాలిలో అమ్మోనియా 25 పీపీఎం దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు చేస్తుంది. మన ముక్కు నేలకు ఐదడుగుల పైన ఉంది. పాము ముక్కు తడి పొట్టుకు వేలెడు దూరంలో, మూతపెట్టిన టబ్బులో ఉంది. గదిలో మనకు లీలగా తగిలే వాసన అక్కడ ఎంత ఘాటుగా ఉంటుందో ఊహించండి. పైగా ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది, పది నిమిషాలు లోపల ఉంటే వాసనే తెలియదు. అందుకని పొద్దున్నే, ఇంకా దేనికీ అలవాటు పడని ముక్కుతో టబ్బు మూత తీసి వాసన చూడటం నాకు తెలిసిన అత్యుత్తమ పరీక్ష. ఘాటు తగిలితే ఫ్యాను వేగం పెంచడం మందు కాదు. తడిసిన పొట్టు తీసి పారేయాలి, నీళ్ల గిన్నె ఒలకకుండా చూడాలి. వ్యర్థాన్ని ఆ పూటకాపూట తీసేసే గదిలో గాలి సమస్య సగానికి సగం ఉండదు.

తేమ ఇంత సులభం కాదు. బాల్ పైథాన్‌కు గాలిలో తేమ 60 శాతం చుట్టుపక్కల ఉండాలి, కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. కార్న్ స్నేక్ 50 దగ్గర సుఖంగా ఉంటుంది. తేమ తగ్గితే కుబుసం అంటుకుపోతుంది, కళ్లమీది పొర ఊడదు, ఊపిరితిత్తుల లోపలి తడి పొర ఎండి క్రిములకు దారి ఇస్తుంది. ఎక్కువై గోడలకు నీటిచుక్కలు పడుతుంటే పొట్టుకు బూజు పడుతుంది, పొట్టకింద పొలుసుల్లో బొబ్బలు లేస్తాయి. ఊపిరితిత్తుల్లో చీము చేరితే మనలాగా గట్టిగా దగ్గి బయటికి నెట్టే శక్తి పాముకు లేదు. అందుకే అదే రోగం మనకన్నా పాముకు ప్రమాదకరం.

ఇప్పుడు ఆ ఎగ్జాస్ట్ ఫ్యాను సంగతి. షికాగోలో జనవరి రోజు, బయట 5 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. అక్కడికి అది వెచ్చటి రోజే. వినడానికి తడిగాలే, కానీ చల్లటి గాలి పట్టుకోగలిగే నీరే తక్కువ: అందులో ఉన్నది ఘనపు మీటరుకు సుమారు ఐదున్నర గ్రాములు. అదే గాలిని లోపలికి లాగి 28 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 20 శాతం లోపుకు పడిపోతుంది. ఒక్క చుక్క నీరూ పోలేదు. వేడిగాలికి దాహం పెరిగింది, అంతే. ప్రయోగశాలల్లో ఎలుకలుండే గదులకు గంటకు 10 నుంచి 15 సార్లు గాలి మారాలన్నది ప్రమాణం. అది చదివి పాముల గదికీ గంటకు పదిసార్లు మార్చారనుకుందాం. వచ్చిన గాలిని వేడి చేయడానికే రెండున్నర కిలోవాట్లకు పైగా విద్యుత్తు కావాలి. తేమను 55 శాతానికి తేవడానికి గంటకు మూడు లీటర్లకు పైగా నీటిని ఆవిరి చేయాలి. ఇంట్లో వాడే మామూలు హ్యూమిడిఫయరు దీన్ని మోయలేదు. అందుకే కుబుసాలు ముక్కలయ్యాయి, ఊపిరితిత్తులు ఎండాయి. గంటకు అరసారి గాలి మారితే, ఆ నీరు రోజుకు నాలుగు లీటర్లు. నీళ్ల గిన్నెలు, తడి నాచు, చిన్న హ్యూమిడిఫయరు కలిస్తే అంత ఇవ్వగలవు. నా దృష్టిలో రోజూ శుభ్రం చేసే గదికి గంటకు అరసారి నుంచి ఒకసారి గాలి మారడం సరిపోతుంది. చలి దేశాల్లో ఈఆర్‌వీ అనే యంత్రం దొరుకుతుంది. బయటికి పోయే గాలి నుంచి వేడినీ తేమనూ లోపలికొచ్చే గాలికి అందిస్తుంది. ఖర్చు భరించగలవారికి దాన్ని మించింది లేదు.

విశాఖలో, చెన్నైలో లెక్క తిరగబడుతుంది. వానాకాలం గాలి 28 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 23 గ్రాముల నీటిని మోస్తుంది. ఏసీ పెట్టి 22 డిగ్రీలు చేసిన గదిలో గాలి పట్టగలిగేది 19 గ్రాముల పైచిలుకే. కిటికీ తీస్తే మిగిలిన నీరు గోడలకూ టబ్బులకూ చేరుతుంది. హైదరాబాదు మే నెలలో ఇబ్బంది తేమది కాదు, వేడిది. మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిని ఫ్యానుతో లోపలికి లాగడమంటే పాముల్ని చంపుకోవడమే. ఆ కాలంలో తెల్లవారుజామున కిటికీలు తెరిచి, ఎండ ఎక్కకముందే మూసేయాలి. కాబట్టి గడియారం చూసో, పుస్తకం చూసో ఫ్యాను వేయకూడదు. బయటి గాలిలో ఎంత నీరుందో, ఎంత వేడుందో చూసి వేయాలి.

ఇంత లెక్కా లేకుండా ఈ పనిని ఎంతో కాలంగా చేస్తున్న కట్టడం మన పొలం గట్లమీదే ఉంది. నాగులచవితికి పాలు పోసే పుట్ట. దాన్ని కట్టేది చెదలు; వాటి సందడి లేని పుట్టల్లో పాములు దూరతాయి. ఆఫ్రికాలో బాల్ పైథాన్లు కూడా చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో తలదాచుకుంటాయి. హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, ఎల్. మహదేవన్ దక్షిణ భారతంలో ఒడాంటోటెర్మిస్ ఒబీసస్ అనే చెదల పుట్టల లోపల గాలి కదలికను కొలిచి 2015లో ఫలితాలు ప్రకటించారు. పుట్ట బయట చుట్టూ నిలువుగా ఉబ్బిన పలకలు చూసే ఉంటారు. పగలు ఎండకు అవి నడిమి భాగం కన్నా ముందు వేడెక్కుతాయి, వాటిలో గాలి పైకి లేస్తుంది, నడిమి గొట్టంలో కిందికి దిగుతుంది. రాత్రి పలకలు ముందు చల్లబడతాయి, గాలి దారి మారుతుంది. గోడకు పెద్ద రంధ్రాలేవీ లేవు. మట్టిలోని సన్నటి సందుల్లోంచే లోపలి వాయువులు బయటికి పోతాయి. పగలు పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ రాత్రికి తగ్గుతుంది. లోపల ఎప్పుడూ తేమే, గాలి కదలిక ఎప్పుడూ నెమ్మదే, అయినా కుళ్లదు. పాము ఎంచుకున్న ఇంట్లో ఈదురుగాలి లేదన్నది గుర్తుంచుకోవాలి.

చెన్నైకి దక్షిణంగా, తూర్పు తీరపు రోడ్డు మీద వడనెమ్మేలిలో ఇరుళర్ల పాములు పట్టేవారి సహకార సంఘం 1978 నుంచి ఉంది. విషానికి విరుగుడు మందు తయారీకి కావాల్సిన విషం అక్కడ తీస్తారు. ప్రభుత్వ అనుమతితో పట్టిన నాగుపాముల్ని, కట్లపాముల్ని, రెండు రకాల పింజరల్ని అక్కడ మట్టికుండల్లో ఉంచి, కుండ మూతికి నూలు గుడ్డ బిగించి కడతారు. కుండ గోడ నీళ్ల కుండ గోడలాగే తేమను మెల్లగా బయటికి వదులుతూ చల్లగా ఉంటుంది. గుడ్డ గాలిని పోనిస్తుంది, విసురును ఆపుతుంది. మూడు నాలుగు వారాలుంచి, వారానికోసారి విషం తీసి, పొట్టకింద పొలుసు మీద గుర్తు కత్తిరించి అడవిలో వదిలేస్తారు. తరతరాలుగా పాముల్ని దగ్గర్నుంచి చూసినవారి చేతికి వచ్చిన ఏర్పాటు అది. అద్దాల పెట్టెకు పైన మొత్తం జాలీ బిగించి, దానిమీద వేడి దీపం వేలాడదీసి తేమ నిలవడం లేదని విసుక్కునేవారు ఈ కుండను ఒకసారి చూడాలి. దీపం వేడికి గాలి లేచి జాలీలోంచి పోతూనే ఉంటుంది, వెనకే తేమా పోతుంది. జాలీలో మూడింట రెండొంతులు మూసేస్తే చాలా పెట్టెలు దారికొస్తాయి. చెక్క పెట్టె అయితే చల్లటి వైపు కింద ఒక గాలి రంధ్రం, వేడి వైపు పైన మరొకటి పెడితే వేడే గాలిని నడిపిస్తుంది. ఫ్యాను అక్కర్లేదు.

గదిలో గాలి నిజంగా ఎంత మారుతోందో తెలుసుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి చాలు. బయట అది 420 పీపీఎం దగ్గర చూపిస్తుంది. ఇద్దరు మనుషులు లోపల కూర్చుని తలుపేసుకుంటే గంటన్నర లోపే వెయ్యి చేరుతుంది. 1,020 చూపించిందనుకోండి, బయటికన్నా 600 ఎక్కువ. ఇద్దరూ బయటికొచ్చి తలుపు మూసి గంట తర్వాత చూస్తే 640 ఉందంటే, ఆ ఎక్కువ 220కి దిగినట్టు. గంటకు సరిగ్గా ఒకసారి గాలి మారుతోందని అర్థం. ఎనిమిది వందల పైనే ఆగిపోతే గది బిగుసుకుంది. ఐదొందలకు దిగిపోతే గాలి మరీ ఎక్కువగా పోతోంది. యాభై పాములూ కలిసి ఆ మీటరు మీద చూపే ప్రభావం గంటకు 60 పీపీఎం దాటదు కాబట్టి లెక్క పెద్దగా చెడదు.

గాలిలోకి మనం కలిపేవి కూడా ఉన్నాయి. నేల తుడిచే ఫినాయిల్లోని ఫినాల్ జాతి రసాయనాలు పాములకు విషం. దోమల చుట్ట, ప్లగ్గులో పెట్టే ద్రవం పైరెత్రాయిడ్లను విడుదల చేస్తాయి. పాము శరీరం వాటిని తట్టుకోలేదు. దేవదారు జాతి చెక్కపొట్టు నుంచి వచ్చే నూనె వాసన ఊపిరితిత్తుల్ని మండిస్తుంది. మూసిన గదిలో ఇవన్నీ నిలిచిపోతాయి. కిటికీకి దోమతెర కడితే చుట్ట వెలిగించే పనే ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక పాము ఊపిరి ఇంకో పాముకు చేరకుండా చూడటం. 1970ల్లో స్విట్జర్లాండులోని ఒక సర్పశాలలో ఫెర్-డి-లాన్స్ జాతి విషసర్పాల్లో మహమ్మారి చెలరేగింది. ఊపిరితిత్తులకు సోకే ఆ వైరస్‌కు ఆ పాము పేరే పెట్టారు. తర్వాత ఎన్నో సర్పశాలల్లో అది పాముల్ని పొట్టనబెట్టుకుంది. 2014లో బాల్ పైథాన్లలో మరో జాతి వైరస్‌ను, నిడోవైరస్‌ను గుర్తించారు. ఇది సోకిన పాము నెలల తరబడి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. అందుకే కొత్తగా తెచ్చిన పామును కనీసం మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. వేరే ర్యాకులో అయితే సరిపోదు, ఎందుకంటే గాలి ఒకటే. ఆ గది గాలి సరాసరి బయటికే పోవాలి. దాని ఎగ్జాస్ట్ పాత పాముల కిటికీ పక్కన తెరుచుకోకూడదు. రోజూ పాత గది పని పూర్తయ్యాకే కొత్త గదిలోకి వెళ్లాలి. అక్కడి పటకారు, నీళ్ల గిన్నె, చేతి తొడుగు అక్కడే ఉండిపోవాలి.